నిమ్మకాయల దండ ఎక్కడ కట్టాలంటే

తిరుపతి,
ఆదివారం మధ్యాహ్నం.

అక్కకు,

తమ్ముడు గిరి నీ కాళ్ళకు మొక్కి రాస్తున్నాను. నువ్వు మొదట అడిగేది అదే కాబట్టి మొదటే చెప్పేస్తాను. తిన్నాను. బాగున్నాను. చిక్కలేదు. అక్కడ నువ్వు, లాస్య పాప, బావ, మీ అత్త అందరూ ఎట్లా ఉన్నారు? పాప జలుబు తగ్గిందా? బావ కాలికి సాయంత్రమయ్యేసరికి ఇంకా వాపు వస్తోందా? ఎక్కువసేపు నిలబడనివ్వకు. అంగడిలో ఆ ఇనుప స్టూలు వేసి కూర్చోబెట్టు, టెంకాయలు నువ్వే తీసి ఇవ్వు. నేను చెప్పానని మాత్రం చెప్పకు, చెబితే కావాలనే నిలబడతాడు.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటున్నావు కదా. ఫోన్ ఎత్తగానే నువ్వు స్పీకర్ పెట్టి టెంకాయల బుట్ట మీద పడేస్తావు. ఇటు కొనేవాళ్ళు, అటు పూలమ్మే ఆమె, వెనకాల మీ అత్త. కాణిపాకానికి వచ్చిన భక్తులందరికీ నా సంగతులు తెలిసిపోతాయి. ఇప్పుడు చెప్పబోయేది నీకొక్కదానికే. అందుకే తిరుపతికి వచ్చిన మన మునిరత్నం భార్య చేత పంపిస్తున్నాను. చిత్తూరులో నా షెడ్డు ఇప్పుడు అతనే కదా చూసుకుంటున్నాడు. గురువారం ఆమె అంగడికి వచ్చి నీ చేతికే ఇస్తుంది. అక్కడ విప్పకు. ఇంటికి వెళ్ళాక, మీ అత్త పడుకున్నాక చదువు. కవరులో ఇంకో చిన్న కాగితం మడిచి పెట్టాను. అది బావకు. ఇది నీకు. రెండూ కలిపేయవద్దు, కలిస్తే కొంప మునుగుతుంది.

మొన్న నువ్వు గొంతు తగ్గించి చెప్పిన మాట నా చెవిలోంచి పోలేదు.

"వచ్చే నెల పాపకు సెవులు కుట్టిస్తాండామురా. మీ బావ నిన్ను పిలవద్దంటాండాడు. ప్రమాణం సేసేదాకా గడప తొక్కద్దన్నానే, ఆ మాట మాటేనంట. నేనేం సేసేది సెప్పు?"

నువ్వు ఏడుస్తున్నావని తెలిసింది. నేనూ ఇక్కడ ఏడ్చాను, నీకు తెలియనివ్వలేదు. ఉన్న ఒక్క మేనమామను నేను. ఆ రోజు పాప నా ఒళ్ళో కూర్చోకపోతే ఇంకెవరి ఒళ్ళో కూర్చుంటుంది? కంసాలి చెవి పట్టుకోగానే అది కెవ్వుమంటుంది, అప్పుడు దాని కళ్ళు మూసే చెయ్యి నాది కావాలి. ఇంత పొడుగు ఉత్తరం రాసేది ఆ ఒక్కదాని కోసమే. మిగతావన్నీ ఊసుపోక కబుర్లే అనుకో.

కబుర్లు కూడా చెప్పనీ. చిత్తూరు నుంచి తిరుపతి రెండు గంటల బస్సు. దానికే నాకు పరాయి దేశానికి వచ్చినట్టుంది. రేణిగుంట రోడ్డులో మా సర్వీసు సెంటరు. నేను ఉండే గది దానికి వెనక సందులో. నాతో ఇంకో ఇద్దరు, ఇద్దరూ ఆదివారం బట్టలు ఉతికి నా మంచం మీద ఆరేస్తారు. మెస్సులో సాంబారు బాగానే ఉంటుంది కానీ రోజూ అదే సాంబారు. రాగి సంగటి తిని ఎన్నాళ్ళయిందో. ఇక్కడి ఎండ సంగతి అడగకు, కొండ రాళ్ళన్నీ పగలంతా కాగి సాయంత్రం మన మీదకు వదులుతాయి. ఊరంతా ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళే, రెండో రోజుకు వెళ్ళిపోయేవాళ్ళే. టీ అంగడి ఆయన ఆరు నెలలుగా నన్ను చూస్తున్నాడు, అయినా నిన్న మళ్ళీ "దర్శనం బాగా అయిందా అప్పా?" అని అడిగాడు. అయిందని చెప్పేశాను. ఇన్నాళ్ళలో కొండకు వెళ్ళింది ఒకే ఒకసారి. నువ్వు మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా లడ్డూ అంటావు.

ఒక్కోసారి మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు ఎవరితోనూ మాట్లాడాలనిపించదు. షెడ్డులో అయితే రేడియో, మునిరత్నం గోల, దారిన పోయేవాళ్ళు ఆగి గాలి కొట్టించుకోవడం. ఇక్కడ నీలం చొక్కా వేసుకుని, చేతికి గ్లౌజులు వేసుకుని, ఆసుపత్రిలో ఉన్నట్టుంటుంది. చొక్కా మీద నా పేరు కుట్టించారు, 'గిరీష్' అని. నా పేరు గిరి అని చెప్పాను. మారుస్తామన్నారు. ఇంకా గిరీష్‌గానే ఉన్నాను.

పని సంగతి చెబుతాను, ఇది నీకు తెలియాలి, ఎందుకో తర్వాత అర్థమవుతుంది. ఇప్పటి బండ్లకు కార్బురేటరు లేదు. సీటు కింద చిన్న పెట్టె ఉంటుంది, మనం దాన్ని బండి మెదడు అనుకుందాం. పెట్రోలు ఎంత పోవాలి, నిప్పు ఎప్పుడు పడాలి, అన్నీ అదే చూసుకుంటుంది. బండి నిండా సెన్సార్లు, ఒక్కొక్కటీ ఒక్కో కబురు దానికి మోస్తుంటుంది. మా దగ్గర స్కానర్ అని చేతిలో పట్టే పలక ఒకటి ఉంది. దాని వైరు బండికి తగిలిస్తే ఏ సెన్సారు సరిగ్గా లేదో ఆ మెదడు నంబరు వేసి చూపిస్తుంది. పాతకాలం తప్పులు కూడా గుర్తు పెట్టుకుంటుంది, మీ అత్త లాగా. కోప్పడకు.

నాకు ఇది నేర్పింది రమ్య. నువ్వు అనుకునేది కాదు, ఆమెకు పెళ్ళయింది, ఒక బిడ్డ. డిప్లొమా చదివింది, వయసులో నాకంటే ఆరేళ్ళు చిన్న, పనిలో పదేళ్ళు పెద్ద. మొదటి రోజు స్కానర్ నా చేతికిచ్చి పక్కకు వెళ్ళింది. నంబర్లు నాలుగు వచ్చాయి. కింద ఎర్ర బటన్ ఉంటే నొక్కాను. అన్నీ మాయమైపోయాయి. బండి బాగైపోయిందని నేను సంతోషంగా ఆమెను పిలిచాను. ఆమె చూసి నెత్తి కొట్టుకుంది.

"అన్నా, ఏమి సేసినావన్నా! అవి రాసుకోకుండానే తుడిపేసినావే. రోగి రిపోర్టు సూడకుండానే సించేసి, రోగం పోయిందంటే ఎట్లన్నా?"

పదకొండేళ్ళు మెకానిక్కుగా బతికినవాణ్ణి, ఒక బటన్ నొక్కి సిగ్గుతో చచ్చిపోయాను. అప్పటి నుంచి ఏ బండి వచ్చినా ముందు నంబర్లన్నీ చిన్న పుస్తకంలో రాసుకుంటాను. ఇంగ్లీషు మాటలు మొదట్లో ఒక్కటీ ఎక్కేది కాదు. రమ్య తెలుగులో చెప్పేది, నేను నా మాటల్లో రాసుకునేవాణ్ణి. నంబరు వచ్చినప్పుడు బండి ఎంత వేగంలో ఉంది, ఇంజన్ ఎంత వేడిగా ఉంది, అది కూడా ఆ మెదడు పట్టి ఉంచుతుంది. దాన్ని నేను 'ఆ క్షణం ఫోటో' అని రాసుకున్నాను. ఆమె నవ్వింది కానీ ఇప్పుడు ఆమె కూడా అదే అంటోంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ముందే చెబుతున్నా, భయపడకు. ఎవరికీ ఏమీ కాలేదు.

మూడు వారాల కింద ఏర్పేడు నుంచి ఒకాయన వచ్చాడు, పాల సేకరణ చేస్తాడట. బండి అచ్చం బావ బండే, రంగు తప్ప.

"నడిమద్దెలో ఆగిపోతాదప్పా. తాళం తీసి మళ్ళీ పెడితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతాది. సెప్తే ఎవురూ నమ్మరు. యాడ సూపించినా బండి బాగుండాది, నీకే తోలను రాదంటారు."

బావ చెప్పిన మాటలు ఇవే కదా! పోయిన మామిడికాయల కాలంలో బావ ఆ బండిని మూడు సార్లు నా షెడ్డుకు తెచ్చాడు. మూడు సార్లూ ఇదే చెప్పాడు. నేను ప్లగ్గు మార్చాను, పెట్రోలు ఫిల్టరు మార్చాను, సైడు స్టాండు స్విచ్చు కొత్తది వేశాను. నా షెడ్డులో స్కానర్ ఎక్కడిది? మూడో సారి భుజం తట్టి మరీ చెప్పాను, ఇంక భయం లేదు బావా, ధైర్యంగా తోలుకోండి అని. రెండు రోజులకే కాణిపాకం రోడ్డు మలుపులో బండి ఆగడం, వెనకాల వచ్చిన ఆటో తగలడం, బావ కాలిలో రాడ్డు వేయడం. ఆ రెండు రోజుల సంగతి తలుచుకోని పొద్దు లేదు అక్కా.

స్కానర్ తగిలిస్తే ఏర్పేడు బండి ఒక నంబరు చూపించింది. వంపు సెన్సారుది. ముందు లైటు వెనక ఉంటుంది అది. బండి నిటారుగా ఉందా, పడిపోయిందా అని చూడటమే దాని పని. నిటారుగా ఉంటే దాని అంకె ఒకటి దగ్గర ఉంటుంది. పడిపోతే నాలుగు దాటుతుంది. దాటగానే మెదడు ఇంజన్ ఆపేస్తుంది, పడిన బండికి చక్రం తిరుగుతుంటే మనిషికి ప్రమాదమని. రమ్య పలక చూస్తూ నన్ను హ్యాండిల్ తిప్పమంది. ఎడమకు తిప్పాను, ఏమీ కాలేదు. కుడికి తిప్పాను.

"అంకె సూడన్నా, సూడు! నాలుగు దాటింది!"

బండి స్టాండు మీద నిటారుగా నిలబడి ఉంది. అయినా తాను పడిపోయానని చెబుతోంది. అంటే దారిలో పోతూ పోతూ, పడకముందే పడ్డాననుకుని ఇంజన్ ఆపేసుకుంటోంది. ఆ తర్వాత నిజంగా పడుతోంది.

లైటు విప్పాను. సెన్సారు వైరు కలిసే జాయింటు లోపలంతా పచ్చగా పాచి పట్టినట్టుంది. తడి. వేలితో తుడిచి వాసన చూశాను. పులుపు. తల ఎత్తి చూస్తే సరిగ్గా దాని పైన, హ్యాండిల్ మధ్యలో, నిమ్మకాయలూ పచ్చి మిరపకాయలూ గుచ్చిన దండలు వేలాడుతున్నాయి. ఎండిపోయినవి నాలుగు, వాటి మీద కొత్తది ఒకటి.

"మా ఇంటిది శుక్రవారం శుక్రవారం కడ్తాదప్పా. పాతది తియ్యనీదు. దిష్టి దాంట్లోనే ఉంటాదంట," అన్నాడాయన నవ్వుతూ.

సూది గుచ్చిన చోట కారిన రసం దారం పట్టుకుని కిందికి దిగి జాయింటులో చేరింది. పక్కపక్కన ఉండే రెండు పిన్నులను అది కలిపేస్తోంది, అందుకే సెన్సారు అబద్ధం చెబుతోంది. రమ్య పడీ పడీ నవ్వింది. పాలాయనా నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

నువ్వు ఇప్పటికే అర్థం చేసుకుని ఉంటావు. కాగితం పక్కన పెట్టకు. చివరి దాకా చదువు. నీ మీద ఒట్టు, చివరి దాకా చదువు.

బావ బండి బాగు చేయమని మునిరత్నానికి ఇచ్చాడని నువ్వే చెప్పావు కదా. పోయిన ఆదివారం మేనేజరును అడిగి స్కానర్ తీసుకుని చిత్తూరు వెళ్ళాను. నీకు చెప్పలేదు. అంత దగ్గరికి వచ్చి ఇంటికి రాలేదని తిట్టుకుంటావని తెలుసు. మునిరత్నం షెడ్డులో బండి ఓ మూలన గోనెపట్ట కప్పుకుని ఉంది. బ్యాటరీ చార్జింగు పెట్టి, సీటు తీసి వైరు తగిలించాను. పాత తప్పు ఒకటి చూపించింది. అదే నంబరు. ఆ క్షణం ఫోటో తీసి చూశాను.

వేగం ముప్పై నాలుగు.

ముప్పై నాలుగు అక్కా. సైకిలు కంటే కాస్త ఎక్కువ. ఆస్పత్రిలో నేనేమన్నానో నీకు గుర్తుందా? బావ మంచం మీద ఉన్నాడు, కాలికి కట్టు, ఇంకా మత్తు దిగలేదు. "నువ్వు సరిగ్గా సెయ్యలేదు గిరీ, ధైర్యంగా తోలమంటివే" అన్నాడు. నాకు రోషం వచ్చింది. మీ అత్త, ఆయన చిన్నాయనలు, పక్క మంచాలవాళ్ళు, అంతమందిలో "మీరే స్పీడుగా తోలింటారు బావా" అన్నాను. "మెల్లిగానే పోతాండానురా" అన్నాడు పాపం, రెండు సార్లు. ఎవరూ నమ్మలేదు. మెకానిక్కు చెప్పాడంటే నమ్మరా మరి? ఆ రోజు నుంచి ఊళ్ళో ఆయనకు స్పీడు బాబు అని పేరు పెట్టారట కదా. నువ్వు నాకు చెప్పలేదు, మునిరత్నం చెప్పాడు.

అప్పుడే కదా ఆయన, "నీ పని సరిగ్గా సేసినానని కాణిపాకంలో ప్రమాణం సెయ్, అప్పుడు నమ్ముతాను" అన్నాడు. నేను చేయలేదు. పారిపోయానని అందరూ అనుకున్నారు. నువ్వు కూడా అనుకున్నావేమో. నేను చేసింది నాకు తెలుసు, అది సరిగ్గా ఉందో లేదో తెలియదు. తెలియనిదాన్ని, తప్పుడు ప్రమాణాన్ని సహించని ఆ స్వామి ముందు నిలబడి తెలుసని ఎట్లా చెప్పేది? ఆ మాట అప్పుడు చెప్పడం చేతకాలేదు. షెడ్డు మునిరత్నానికి అప్పగించి ఇక్కడికి వచ్చేశాను. పని నేర్చుకోవడానికని అందరికీ చెప్పాను. నిజంగా అందుకే వచ్చాను, కానీ అందుకొక్కదానికే కాదు.

ముందు లైటు విప్పాను. పసుపు దారం, రెండు చుట్లు, వైర్ల కట్ట చుట్టూ. హ్యాండిల్‌కు కడితే జారిపోతుందని లోపలికి తీసి వైర్లకు బిగించావు. నీకు ఏ పనైనా గట్టిగా ఉండాలి కదా. జాయింటు పచ్చగా ఉంది. అందులో ఒక నిమ్మగింజ ఎండి అతుక్కుని ఉంది.

నిజం చెప్పనా? మొదట నాకు సంతోషం వేసింది. తప్పు నా పనిది కాదని తెలిసేసరికి ఎగిరి గంతేయాలనిపించింది. ఆ గ్రీజు చేతులతోనే బస్సెక్కి వచ్చేసి, రండి బావా, ఇప్పుడు చేస్తాను ప్రమాణం అని అరవాలనిపించింది. దారం విప్పబోయాను. ముడి రాలేదు. చిన్నప్పుడు నా బడి సంచి తెగితే నువ్వు వేసే ముడి అది, పళ్ళతో లాగినా రాదు. అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. మునిరత్నం నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. అతనికి కూడా ఏమీ చెప్పలేదు, జాయింటు పాడైందని మాత్రం చెప్పాను.

ఇప్పుడు నీ తమ్ముడు చెప్పేది శ్రద్ధగా విను. ఆయన ఇంటికి క్షేమంగా రావాలనే నువ్వు ఆ దండ కట్టావు. అందులో తప్పేమీ లేదు. తప్పు నాది, నిన్ను ఊరుకోబెట్టడానికి అనడం లేదు. ఆ బండి నా దగ్గరికి మూడు సార్లు వచ్చింది. మూడు సార్లూ ఆ దండ నా ముక్కుకు తగులుతూనే ఉంది. పనికి అడ్డం వస్తే కళ్ళకద్దుకుని పక్కకు జరిపి పని చేశాను. దేవుడిదని మొక్కానే గానీ, దాని కింద ఏముందో విప్పి చూడాలని ఒక్కసారి కూడా తట్టలేదు. మెకానిక్కును నేను, నువ్వు కాదు. వైర్ల సంగతి తెలియాల్సింది నాకు.

నీకు చెప్పకుండా ఉందామని నాలుగు రోజులు ఆలోచించాను. చెప్పక తప్పదు. బండికి కొత్త జాయింటు వేశాను, సెన్సారు మార్చాను, కాణిపాకం రోడ్డులో మీ వీధి మలుపు దాకా తోలి చూసి వెనక్కి తిప్పాను. ఈ శనివారం మునిరత్నం దాన్ని మీ ఇంటికి తెస్తాడు. పై శుక్రవారం నువ్వు మళ్ళీ సూదీ దారం తీసుకుంటావు. అందుకే చెప్పాను. కట్టొద్దనడం లేదు. కట్టు. కింద ముందు నంబరు ప్లేటుకు కట్టు, రసం కారినా రోడ్డు మీద పడుతుంది. పాతది తీసేసి కొత్తది కట్టు. నీ అంగడిలో రోజూ ఎన్ని దండలు అమ్ముతావో నీకు తెలుసు, కొత్త బండికి పూజ చేయించుకుని నీ దగ్గరికే వస్తారు. ఒక్కొక్కరికీ ఆ ఒక్క మాట చెప్పు, నంబరు ప్లేటుకు కట్టండని. ఎందుకని అడిగితే శాస్త్రమని చెప్పు. మనవాళ్ళు దానికైతే వింటారు.

బావకు మాత్రం చెప్పొద్దు. ఆయన మంచివాడే, కానీ కాలు నొప్పి పుట్టినప్పుడల్లా ఆ మాట ఆయన నోటికి వస్తుంది. మీ అత్త నోటికైతే నొప్పి కూడా అక్కర్లేదు. నువ్వు ఆ ఇంట్లో బతకాలి. నేను ఎక్కడో గదిలో ఉంటాను, నాకేం? ఇన్నాళ్ళూ తిట్లు నాకే అలవాటయ్యాయి, ఇంకొన్నాళ్ళు నేనే పడతాను. చిన్న కాగితంలో ఒక్క అబద్ధం కూడా రాయలేదు, నిజం కొంచెం తగ్గించి రాశాను, అంతే. దాన్ని ఆయనకు ఇవ్వు. ఇది చదివిన వెంటనే పొయ్యిలో పెట్టు. ఏడ్చేదేదో ఈ ఒక్క పూట ఏడ్చి ఊరుకో. ఆయన బతికి ఉన్నాడు, నడుస్తున్నాడు, నీతో పోట్లాడుతున్నాడు. అమ్మా నాయనా పోయాక నన్ను పెంచినదానివి, నీకు నేను చేయగలిగింది ఈ పాటిదే.

చిన్న చిన్న కోరికలు. మునిరత్నం భార్య మళ్ళీ ఇటు వచ్చేటప్పుడు రాగి పిండి ఒక శేరు, నీ చేతి ఉసిరికాయ ఊరగాయ కొంచెం పంపు. మంచం మీద బట్టలారేసేవాళ్ళకు తెలియకుండా దాచుకుంటాను. పాప ఫోటో ఒకటి పంపు, ముక్కు కారుతున్నది కాదు. ఆ పుంగనూరు సంబంధం వాళ్ళకు ఇప్పుడే ఏమీ చెప్పకు, ముందు నా పేరు చొక్కా మీద సరిగ్గా పడనీ. మీ అత్తకు నా దండాలు, ఆమె తీసుకున్నా తీసుకోకపోయినా. నీ ఆశీర్వాదం ఎప్పుడూ ఉండేదే, అయినా ఇంకోసారి అడుగుతున్నాను.

నీ తమ్ముడు,
గిరి

(చిన్న కాగితం)

బావగారికి, గిరి నమస్కరించి రాసేది.

కాలు ఎట్లా ఉందని అడిగే ముఖం నాకు లేదు, అయినా అడుగుతున్నాను. మీ బండి బాగు చేసింది మునిరత్నం కాదు, నేను. అతన్ని కోప్పడవద్దు, నేనే చెప్పొద్దన్నాను. ముందు లైటు వెనకాల ఒక జాయింటులో తడి చేరి పాడైంది. అందువల్ల బండి తాను పడిపోయాననుకుని ఇంజన్ ఆపేసుకుంది. ఆ బండి నా దగ్గరికి మూడు సార్లు వచ్చింది. ఒక్కసారైనా నేను ఆ లైటు విప్పి చూసి ఉంటే మీరు పడేవారు కాదు. ప్రమాణం చేయమన్నారు కదా. ఈ మాట కాణిపాకంలో స్వామి ముందు మీరు చెప్పమన్న రోజు చెబుతాను.

ఇంకొకటి ఉంది, దీనికంటే పెద్దది. ఆస్పత్రిలో అంతమందిలో మీరు స్పీడుగా తోలారని అన్నాను. బండి ఆగిన క్షణంలో వేగమెంతో దాని మెదడులో రాసి ఉంది. ముప్పై నాలుగు. మెల్లిగానే పోతాండానని మీరు చెప్పిందే నిజం. ఆ అంకె చూపించిన పలకను ఫోటో తీసి దీంతో పెట్టాను. మిమ్మల్ని ఆ పేరుతో పిలిచినవాళ్ళందరికీ చూపించండి, మీ బామ్మర్దే పంపాడని, అతనే ఆ రోజు తప్పు మాట అన్నాడని చెప్పండి.

ఇది రాశాను కాబట్టి నన్ను పిలవండని అడగడం లేదు. పిలిస్తే పరుగెత్తుకుని వస్తాను. పాపకు మేనమామ పెట్టవలసిన కమ్మలు మునిరత్నం చేతికి ఇచ్చాను. ఆ రోజు పాపను ఎవరి ఒళ్ళో కూర్చోబెట్టినా, చెవులకు అవే పెట్టించండి.

గిరి